మీ పనికి తగిన లినక్స్ డెస్క్‌టాప్‌ను ఎంచుకోవడం ఎలా?

లినక్స్‌లోకి కొత్తగా అడుగుపెట్టేవారు ఎక్కువగా ఏ డిస్ట్రో (లినక్స్‌ను వేసుకోవడానికి వీలుగా కూర్చి ఇచ్చే రూపం) వేసుకోవాలన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కానీ రోజంతా కళ్ల ముందు ఉండేదీ, చేతులకు అలవాటు కావలసినదీ డిస్ట్రో మీద నడిచే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెర ఎలా కనిపించాలో ఆ సిస్టమ్‌ను తయారుచేసిన సంస్థే నిర్ణయిస్తుంది కనుక అక్కడ ఈ ప్రశ్న రాదు. లినక్స్‌లో లోపలి మూల భాగమైన కెర్నెల్ వేరు, తెరపై కనిపించే భాగం వేరు. డెబియన్ అనే ఒకే డిస్ట్రోను ఒకరు గ్నోమ్ డెస్క్‌టాప్‌తోనూ మరొకరు ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తోనూ వాడుతుంటే, ఆ రెండింటిలో ఉన్నది ఒకే సిస్టమ్ అని పైకి చూసి చెప్పడం కష్టం.

డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ ఒక్క ప్రోగ్రామ్ కాదు. ప్యానెల్, మెనూ, విండోలను గీసి కదిలించే విండో మేనేజర్, ఫైల్ మేనేజర్, సెట్టింగ్స్, నోటిఫికేషన్లు, స్క్రీన్ లాక్, పాస్‌వర్డ్‌లను భద్రపరిచే ప్రోగ్రామ్, ఇవన్నీ కలిస్తేనే డెస్క్‌టాప్ అవుతుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ వంటి ప్రోగ్రాములు ఏ డెస్క్‌టాప్ మీదైనా నడుస్తాయి. అందువల్ల డెస్క్‌టాప్ మారితే పని చేసే ప్రోగ్రాములు పోతాయేమోనన్న భయం అవసరం లేదు. మారేది వాటి మధ్య మీరు తిరిగే పద్ధతి మాత్రమే.

ఈ ఎంపికలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సూత్రం ఒకటుంది. ఎక్కువగా మార్చుకోవడానికి వీలిచ్చే డెస్క్‌టాప్ కన్నా, మీ విషయంలో తక్కువగా మార్చవలసి వచ్చే డెస్క్‌టాప్ మేలు. డెవలపర్లు ప్రధానంగా పరీక్షించేది డిఫాల్ట్ అమరికను. మీరు చేర్చుకున్న ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ (డెస్క్‌టాప్‌కు అదనపు సౌకర్యం కలిపే చిన్న ప్రోగ్రామ్), థీమ్‌నూ, స్క్రిప్టునూ ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌లోనూ కాపాడుకోవలసిన బాధ్యత మీదే అవుతుంది. 2023 సెప్టెంబరులో విడుదలైన గ్నోమ్ 45 లో ఎక్స్‌టెన్షన్లు తమకు కావలసిన కోడ్ భాగాలను (మాడ్యూళ్లను) పిలుచుకునే పద్ధతి మారింది. దానితో అప్పటివరకు పనిచేస్తున్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ వాటి రచయితలు తిరగరాయవలసి వచ్చింది. గ్నోమ్‌ను ఉన్నది ఉన్నట్టు వాడుకునేవారికి ఆ మార్పు కనిపించను కూడా లేదు. పది ఎక్స్‌టెన్షన్లతో దాన్ని మరొక డెస్క్‌టాప్‌గా మలచుకున్నవారు మాత్రం ఒక్కొక్కటీ కొత్త వెర్షన్‌కు సిద్ధమయ్యేదాకా ఎదురుచూడవలసి వచ్చింది.

ముందు మీ పనిని కాగితం మీద పెట్టండి

స్క్రీన్‌షాట్లు చూడడానికి ముందు, ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్ మీదే కొద్దిరోజులు మీ పనితీరును గమనించి రాసుకోండి. ఒకేసారి ఎన్ని విండోలు తెరిచి ఉంచుతున్నారు? ఒక దాని నుంచి మరొక దానికి వెళ్లడానికి కింద ఉన్న పట్టీ మీద క్లిక్ చేస్తున్నారా, ఆల్ట్, ట్యాబ్ నొక్కుతున్నారా? ఫైళ్లను డెస్క్‌టాప్ మీదే పరిచి ఉంచుకునే అలవాటు ఉందా? మౌస్ వాడతారా, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీదే ఆధారపడతారా? అదే కంప్యూటర్‌ను ఇంట్లో మరెవరైనా వాడతారా? ఇలా రాసుకున్నవాటిలో లేకపోతే పని ఆగిపోయేవాటిని ఒక పక్కన, ఉంటే బాగుండేవాటిని మరొక పక్కన పెట్టండి. మొదటి పట్టికలో నాలుగైదుకు మించి ఉండవు, ఎంపికను నడిపించవలసినవి అవే.

చిన్నవిగా కనిపించే విషయాలే ఇక్కడ తేల్చేస్తాయి. రెండు ఫోల్డర్లను పక్కపక్కన పెట్టుకుని ఫైళ్లను అటూ ఇటూ కాపీ చేసే పని రోజూ ఉన్నవారిని చూడండి. ప్లాస్మా, సినమన్, మాటే అనే డెస్క్‌టాప్‌ల ఫైల్ మేనేజర్లయిన డాల్ఫిన్, నీమో, కాజాలలో ఎఫ్3 నొక్కితే ఒకే విండో రెండు గదులుగా విడిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలోని థునార్‌కు కూడా 4.18 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం వచ్చింది. గ్నోమ్ ఫైల్ మేనేజర్‌లో 2012 లో దాన్ని తీసివేశారు, అక్కడ రెండు విండోలు తెరిచి తెరకు చెరో సగం అతికించుకోవాలి. చాలామందికి ఇది ఏ తేడా చూపని విషయమే, అయితే వందల ఫోటోలనో పత్రాలనో రోజూ సర్దేవారికి ఈ ఒక్క కారణం చాలు.

సిస్టమ్ ట్రే సంగతి కూడా అలాంటిదే. విండో మూసినా వెనకాల నడుస్తూ గడియారం పక్కన చిన్న గుర్తుగా ఉండిపోయే చాట్ ప్రోగ్రాములు, ఫైళ్లను క్లౌడ్‌తో సరిచూసే ప్రోగ్రాములు మీకు ఉన్నాయేమో చూసుకోండి. గ్నోమ్ మూల రూపంలో ఆ గుర్తులకు చోటు లేదు. గ్నోమ్‌తో వచ్చే డిస్ట్రోలలో ఉబుంటు మాత్రం దానికి కావలసిన ఎక్స్‌టెన్షన్‌ను ముందే చేర్చి ఇస్తుంది. ఫెడోరా వర్క్‌స్టేషన్ అనే మరో డిస్ట్రోలో అది ఉండదు గనుక, ప్రోగ్రామ్ నడుస్తోందో ఆగిపోయిందో తెలియక మళ్లీ మళ్లీ తెరిచి చూసే పరిస్థితి వస్తుంది. రెండూ గ్నోమ్ అయినా అనుభవం ఒకటి కాదన్నమాట.

కంప్యూటర్ ఎంత మోయగలదు?

ర్యామ్ గురించి జరిగే చర్చ చాలావరకు పక్కదారి పట్టినదే. లాగిన్ అయిన వెంటనే ఏ డెస్క్‌టాప్ ఎంత మెమరీ వాడుతోందో పోల్చే పట్టికలు విరివిగా దొరుకుతాయి. గ్నోమ్, ప్లాస్మాలు దాదాపు ఒక జీబీ, కొన్ని డిస్ట్రోలలో అంతకన్నా కొంచెం ఎక్కువ తీసుకోవడం, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలిక డెస్క్‌టాప్‌లు అందులో దాదాపు సగంతో సరిపెట్టుకోవడం సాధారణంగా కనిపించేదే. కానీ బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరవగానే ఆ తేడా అంతా బ్రౌజర్ వాటా ముందు చిన్నదైపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ మీద మెమరీ కోసం మాత్రమే ఒక డెస్క్‌టాప్‌ను వదులుకోవడం నా దృష్టిలో అనవసరమైన త్యాగం. 4 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, ఎల్‌ఎక్స్‌క్యూటీలలో ఒకదానితో మొదలుపెట్టడం మంచిది. 2 జీబీ మాత్రమే ఉంటే ఎల్‌ఎక్స్‌క్యూటీ వైపు వెళ్లండి, అయితే నేటి వెబ్‌సైట్ల బరువును ఏ డెస్క్‌టాప్ కూడా తగ్గించలేదని ముందే తెలుసుకోండి.

మీ కంప్యూటర్ సంగతి మీరే కొలుచుకోవచ్చు. లాగిన్ అయ్యాక రెండు నిమిషాలు ఆగి, సిస్టమ్ మానిటర్‌లో మెమరీ వాడకం చూసి రాసుకోండి. తర్వాత మీరు రోజూ తెరిచే ట్యాబులు, పత్రాలు, ప్రోగ్రాములు అన్నీ తెరిచి మళ్లీ చూడండి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) వాడకం అప్పుడు పెరుగుతూ పోతుంటే తేలికైన డెస్క్‌టాప్ నిజంగానే మీకు అవసరం. స్వాప్ కదలకపోతే ర్యామ్‌ను మీ ప్రమాణాల్లోంచి తీసివేయండి.

పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రాల్లో మందగమనానికి తరచు మరొక కారణం ఉంటుంది. ఫైళ్లలోని విషయాన్ని వెతకడానికి వీలుగా ప్లాస్మాలో బాలూ, గ్నోమ్‌లో ఇటీవలి వరకు ట్రాకర్ అని పిలిచిన ప్రోగ్రామ్ వెనకాల సూచిక తయారుచేస్తుంటాయి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మీ ఫైళ్లన్నీ తెచ్చి పడేసిన మొదటి గంటల్లో ఇవి డిస్క్‌ను తెరిపి లేకుండా చదువుతాయి. ఆ సమయంలో చూసి ఈ డెస్క్‌టాప్ నెమ్మది అని తీర్పు చెప్పకండి. సూచిక పూర్తయ్యాక చూడండి, లేదా సెట్టింగ్స్‌లో సెర్చ్ విభాగానికి వెళ్లి దాన్ని ఆపివేయండి.

గ్రాఫిక్స్ చిప్ కూడా లెక్కలోకి వస్తుంది. గ్నోమ్, ప్లాస్మా, సినమన్‌లు తెరను గీయడానికి గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకుంటాయి. ఆ చిప్‌కు సరైన డ్రైవర్ లేనప్పుడు ఆ పనంతా ప్రాసెసర్ మీద పడి, విండో కదిలించినా ఫ్యాన్ హోరెత్తుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటేలలో కంపోజిటర్‌ను (విండోలను కలిపి తెరమీద చూపే భాగాన్ని) పూర్తిగా ఆపివేయవచ్చు గనుక అటువంటి యంత్రాల మీద అవి నిలదొక్కుకుంటాయి.

తెర, మానిటర్లు, వేలాండ్

4కె తెర ఉన్నవారు, లేదా ల్యాప్‌టాప్‌కు దానికన్నా వేరే సాంద్రత ఉన్న మానిటర్ తగిలించేవారు ఈ భాగాన్ని మిగతా అన్నిటికన్నా ముందు పెట్టుకోవాలి. లినక్స్ తెరను దశాబ్దాలుగా నడిపిస్తున్నది ఎక్స్11. దాని స్థానంలోకి వచ్చినది వేలాండ్. ఒక తెరకు 100 శాతం, పక్క తెరకు 150 శాతం అని విడివిడిగా స్కేలింగ్ (అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా కనిపించాలన్న కొలత) పెట్టడానికి ఎక్స్11 నిర్మాణం సహకరించదు. వేలాండ్ మీద గ్నోమ్, ప్లాస్మాలు రెండూ ఆ పని చేస్తాయి, వాటిలో ప్లాస్మా ఈ విషయంలో ఎక్కువ వీలు కల్పిస్తుందని నా అభిప్రాయం. సినమన్‌లో 125, 150 వంటి స్కేలింగ్ ఉన్నా, దాని డిఫాల్ట్ ఇప్పటికీ ఎక్స్11 కనుక తేడా గల రెండు తెరల మధ్య అది అంత నున్నగా సాగదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో స్కేలింగ్‌ను రెట్టింపు చేయడం తేలిక. మధ్యస్థ పరిమాణం కావాలంటే ఫాంట్ల సాంద్రతను పెంచుకుని సర్దుకోవాలి.

వేలాండ్ వైపు ప్రయాణం ఒక్కో డెస్క్‌టాప్‌లో ఒక్కో దశలో ఉంది. ఫెడోరా 2016 లోనే గ్నోమ్‌ను వేలాండ్ మీద డిఫాల్ట్‌గా ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 లో గ్నోమ్‌కు ఎక్స్11 సెషన్ లేనే లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ 2024 డిసెంబరులో విడుదల చేసిన 4.20 లో వేలాండ్‌ను ప్రయోగదశలో చేర్చింది. మీ పనిలో తెరమీద మౌస్‌నూ కీబోర్డ్‌నూ తనంతట తాను నడిపే పాత ఆటోమేషన్ సాధనాలో, పాత రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఉంటే అవి వేలాండ్ మీద పనిచేయకపోవచ్చు. ఒక ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్ విండోలోకి తొంగిచూడకుండా వేలాండ్ అడ్డుకోవడమే అందుకు కారణం. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే అయినా, ఆ సాధనాల మీద బతుకుతున్న పనిని ముందే పరీక్షించుకోవడం తప్పనిసరి. వీడియో సమావేశాల్లో తెరను పంచుకునేవారు కూడా తాము వాడే ప్రోగ్రామ్‌లోనే ఒకసారి పంచి చూసుకోవాలి.

ఏది ఎవరికి?

గ్నోమ్ 1997 లో మొదలైంది. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి పునాది 2011 లో వచ్చిన మూడో వెర్షన్. ఉబుంటు, ఫెడోరా వర్క్‌స్టేషన్, డెబియన్ దీన్నే ముందుకు పెడతాయి. వ్యాపార సంస్థలు వాడే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఎనిమిదో వెర్షన్ నుంచి కేడీఈని (ప్లాస్మాను తయారుచేసే ప్రాజెక్టు) తీసివేశారు గనుక, ఉద్యోగంలో ఆ సిస్టమ్ వాడేవారికి ఇంట్లోనూ గ్నోమ్ ఉంటే అలవాటు చెదరదు. గ్నోమ్ మూల రూపంలో డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఉండవు, కింద పట్టీ ఎప్పుడూ కనిపిస్తూ ఉండదు, విండోలకు మినిమైజ్ బటన్ ఉండదు. సూపర్ కీ (కీబోర్డ్ మీద విండోస్ గుర్తున్న మీట) నొక్కగానే తెరిచిన విండోలన్నీ పరుచుకుంటాయి. అక్కడే ప్రోగ్రామ్ పేరు టైప్ చేయడం, విండోను పక్క వర్క్‌స్పేస్‌లోకి (విండోలను విడిగా ఉంచుకునే మరో తెరలాంటి చోటు) లాగడం చేయాలి. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో పక్కకు జరిపితే వర్క్‌స్పేస్‌లు మారతాయి. చిన్న తెర ల్యాప్‌టాప్ మీద ఒకటి రెండు విండోలతో శ్రద్ధగా పని చేసుకునేవారికి ఇంతకన్నా పొందికైన డెస్క్‌టాప్ లేదని నేను నమ్ముతాను. విండోస్ అలవాట్లను యథాతథంగా కొనసాగించాలనుకునేవారికి మాత్రం దీనితో రోజూ పోరాటమే. వారంపాటు దాని పద్ధతిలోనే వాడి చూసి, అప్పటికీ పట్టీ కోసం, ట్రే కోసం చేయి వెతుక్కుంటుంటే ఎక్స్‌టెన్షన్ల జోలికి పోకుండా మరొకదానికి మారండి.

కేడీఈ ప్రాజెక్టును 1996 అక్టోబరులో మథియాస్ ఎట్రిఖ్ ప్రకటించారు. దాని డెస్క్‌టాప్ పేరు ప్లాస్మా, ఆరో వెర్షన్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. వాల్వ్ సంస్థ చేతిలో పట్టే గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ డెస్క్‌టాప్ మోడ్‌లో ఉన్నదీ ఇదే. విండోస్ నుంచి వచ్చినవారికి కింద పట్టీ, ఎడమ మూల మెనూ, ట్రే అన్నీ ఉండవలసిన చోట్లలోనే కనిపిస్తాయి. దీని బలం లోపలి సౌకర్యాల్లో ఉంది. సూపర్, వి కలిపి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ జాబితాగా వస్తాయి. అనువాదకులకు, రోజంతా ఫారాలు నింపేవారికి ఇది ఎంత ఊరటనిస్తుందో వాడితేగానీ తెలియదు. విండో రూల్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఎప్పుడూ రెండో మానిటర్ మీద, ఫలానా పరిమాణంలోనే తెరుచుకోవాలని రాసి పెట్టవచ్చు. కేడీఈ కనెక్ట్ ద్వారా ఫోన్ నోటిఫికేషన్లు తెరమీదకు వస్తాయి, ఫైళ్లు అటూ ఇటూ వెళ్తాయి. డెస్క్‌టాప్ వైపు ఇవన్నీ ఏ చేర్పులూ లేకుండానే లభించడం చూస్తే, కోరికలు ఎక్కువగా ఉన్నవారికి పైన చెప్పిన నా సూత్రం ప్రకారమే ప్లాస్మా సరిపోతుంది.

అయితే ప్లాస్మాలో సెట్టింగ్స్ అంతులేనివి, వాటిలో మునిగిపోతే సాయంత్రాలు కరిగిపోతాయి. సెట్టింగ్స్ నుంచే దిగుమతి చేసుకునే బయటి గ్లోబల్ థీమ్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవి రంగులతో ఆగవు, వాటిలో కోడ్ కూడా నడుస్తుంది. 2024 మార్చిలో అలాంటి ఒక థీమ్ ఒక వాడుకరి ఫైళ్లను తుడిచిపెట్టిన ఉదంతం బయటపడి, కేడీఈ బృందమే హెచ్చరిక చేసింది. డెస్క్‌టాప్‌తో పాటు వచ్చే బ్రీజ్ థీమ్‌తో సరిపెట్టుకుని, వాల్‌పేపరూ రంగులూ మార్చుకోవడం మేలు.

విండోస్ నుంచి నేరుగా వచ్చి, ఏ కొత్త పద్ధతీ నేర్చుకోకుండా రేపటి నుంచే పని మొదలుపెట్టాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది లినక్స్ మింట్ బృందం తయారుచేసే సినమన్. ప్లాస్మాలో ఉన్నన్ని సౌకర్యాలు దీనిలో లేవు, గ్నోమ్‌లో ఉన్నంత కట్టుబాటూ లేదు. మెనూ, పట్టీ, ట్రే, డెస్క్‌టాప్ ఐకాన్లు ఉన్నాయి, ఏడాది తర్వాత అప్‌డేట్ చేసినా అవి అలాగే ఉంటాయి. కంప్యూటర్ అంటే పెద్దగా ఆసక్తి లేని ఇంటి పెద్దలకు ఏదైనా పెట్టి ఇవ్వాలంటే ఈ స్థిరత్వానికే విలువ ఎక్కువ.

ఎక్స్‌ఎఫ్‌సీఈని పాత కంప్యూటర్లకే పరిమితం చేసి మాట్లాడడం దానికి అన్యాయం చేయడమే. 1996 లో ఒలివియె ఫూర్దాన్ మొదలుపెట్టిన ఈ డెస్క్‌టాప్ విడుదలల మధ్య దాదాపు రెండేళ్ల విరామం తీసుకుంటుంది, 4.18 వచ్చినది 2022 డిసెంబరులో, 4.20 వచ్చినది 2024 డిసెంబరులో. ఆ నెమ్మదే కొందరికి కావలసినది. థునార్‌లో అనేక ఫైళ్లను ఎంచుకుని ఎఫ్2 నొక్కితే అన్నిటి పేర్లనూ ఒకేసారి, వరుస సంఖ్యలతో సహా మార్చే విండో వస్తుంది. కుడి క్లిక్ మెనూలోకి మీ సొంత ఆదేశాలను చేర్చుకోవచ్చు. రూపం కొంత పాతగా ఉన్నమాట నిజమే. అధిక సాంద్రత తెర, టచ్‌ప్యాడ్ సంజ్ఞలు మీకు ముఖ్యమైతే ఇటు రాకండి.

2011 లో గ్నోమ్ రూపం మారినప్పుడు పాత రెండో వెర్షన్‌ను కొనసాగించడానికి పుట్టినది మాటే. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ ఉండే ఆ పాత అమరిక నచ్చినవారికి అది ఇప్పటికీ నమ్మకమైనదే. ఎల్‌ఎక్స్‌క్యూటీ అన్నిటిలోకీ తేలిక, లుబుంటులో ఉండేది అదే. బడ్జీ, సిస్టమ్76 సంస్థ రస్ట్ భాషలో రాయించిన కాస్మిక్ కూడా ఉన్నాయి, కానీ మొదటి ఎంపికగా వాటిని నేను సూచించను. సమస్య వచ్చినప్పుడు అదే సమస్య ఎదుర్కొని పరిష్కారం రాసిపెట్టినవారు గ్నోమ్, ప్లాస్మాలకు దొరికినంతగా వీటికి దొరకరు. విండోలను పలకల్లా పక్కపక్కన పేర్చే ఐ3, స్వే వంటి టైలింగ్ విండో మేనేజర్లు పూర్తి డెస్క్‌టాప్‌లు కావు. నోటిఫికేషన్ల నుంచి స్క్రీన్ లాక్ దాకా ఒక్కొక్కటీ మీరే అమర్చుకోవాలి. కీబోర్డ్ మీదే బతికేవారు ఒక పూర్తి డెస్క్‌టాప్‌తో స్థిరపడిన తర్వాతే వాటి వైపు చూడడం మంచిది.

తెలుగు టైపింగ్, వినికిడి, చూపు

తెలుగులో రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్ వాడుతుంటే ఏ డెస్క్‌టాప్‌లోనైనా ఇబ్బంది లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్‌ను చేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసి తెలుగుగా మార్చుకునే పద్ధతికి మాత్రం ఐబస్ గానీ ఎఫ్‌సీఐటీఎక్స్5 గానీ అనే టైపింగ్ సహాయక ప్రోగ్రామ్ ఉండాలి. గ్నోమ్‌లో ఐబస్ లోపలే కలిసి ఉంటుంది కనుక సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగం నుంచే పని పూర్తవుతుంది. ప్లాస్మాను వేలాండ్ మీద వాడేటప్పుడు సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ అనే చోటికి వెళ్లి ఎఫ్‌సీఐటీఎక్స్5 ను ఎంచుకోవాలి. ఆ మాట చూసి తెరమీద కనిపించే కీబోర్డ్ అనుకుని చాలామంది దాన్ని దాటిపోతారు. అమర్చాక బ్రౌజర్‌లో, లిబ్రెఆఫీస్‌లో, మీరు వాడే చాట్ ప్రోగ్రామ్‌లో "స్త్రీ", "లక్ష్మి" వంటి మాటలు విడివిడిగా టైప్ చేసి చూడండి. ఒకచోట పనిచేసినది మరొకచోట పనిచేస్తుందన్న హామీ లేదు.

తెరమీది మాటలను చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్ మీద ఆధారపడేవారు గ్నోమ్‌తోనో మాటేతోనో మొదలుపెట్టాలి. గ్నోమ్‌లో సూపర్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే ఓర్కా మాట్లాడడం మొదలుపెడుతుంది, ఇన్‌స్టాల్ చేయడానికి ముందు, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ సెషన్‌లోనే దీన్ని పరీక్షించవచ్చు. అవసరమైనవారికి మిగతా ప్రమాణాలన్నీ దీని తర్వాతే.

డిస్ట్రో వెర్షన్‌ను కూడా చూడండి

ఒకే పేరున్న డెస్క్‌టాప్ వేర్వేరు డిస్ట్రోలలో వేర్వేరు వయసుల్లో ఉంటుంది. 2023 లో వచ్చిన డెబియన్ 12 లో ప్లాస్మా 5.27 ఉంటే, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లో 6.3 ఉంది. మొదటిదానిలో ఫైల్ మీద ఒక్క క్లిక్‌తోనే అది తెరుచుకునేది డిఫాల్ట్. ఆరో వెర్షన్ నుంచి డబుల్ క్లిక్ డిఫాల్ట్ అయింది. కాబట్టి మీరు చదివే ఏ సమీక్షలోనైనా వెర్షన్ సంఖ్యను ముందు చూసి, మీరు వేసుకోబోయే డిస్ట్రోలో ఉన్నది అదేనా అని సరిపోల్చండి. ఎంచుకున్న డెస్క్‌టాప్‌ను ఆ డిస్ట్రో ప్రధానంగా పట్టించుకుంటుందా అన్నది కూడా ముఖ్యమే. సినమన్ ఎక్కడైనా దొరికినా మింట్‌లో ఉన్నంత తీరుగా ఉండేది మరెక్కడా లేదు. ప్లాస్మాకు కుబుంటు, ఫెడోరా కేడీఈ మంచి చోట్లు. ఫెడోరా 42 నుంచి కేడీఈ రూపానికి వర్క్‌స్టేషన్‌తో సమాన హోదా ఇచ్చారు.

వాడి చూసే పద్ధతి

మొదట రాసుకున్న పట్టికను చేతిలో పెట్టుకుని రెండు డెస్క్‌టాప్‌లను మాత్రమే పరీక్షకు ఎంచుకోండి. అయిదారింటిని చూస్తే ఏదీ గుర్తుండదు. వెంటాయ్ అనే సాధనంతో ఒకే పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు ఐఎస్‌ఓ ఫైళ్లు (డిస్ట్రోలను దించుకునే ఫైళ్లు) పెట్టుకుని, కంప్యూటర్‌లో ఏమీ మార్చకుండా లైవ్ సెషన్‌లోకి వెళ్లవచ్చు. వైఫై, శబ్దం, తెర వెలుతురు మీటలు, రెండో మానిటర్, మూత వేసి తెరిస్తే నిద్ర లేవడం, ఇవన్నీ అక్కడే తేలిపోతాయి. లైవ్ సెషన్‌లో ప్రోగ్రాములు ఆలస్యంగా తెరుచుకోవడం పెన్‌డ్రైవ్ వేగం వల్లనే, దాన్ని డెస్క్‌టాప్ ఖాతాలో వేయకండి. వర్చువల్ మెషీన్‌లో (ఉన్న సిస్టమ్ లోపలే విండోలో నడిపే మరో సిస్టమ్) చూసి వేగం గురించి నిర్ణయించుకోవడం కూడా సరికాదు, అక్కడ గ్రాఫిక్స్ చిప్ పూర్తి సాయం అందకపోవచ్చు.

లైవ్ సెషన్‌లో మీ ఫైళ్లూ మీ ఖాతాలూ ఉండవు కనుక అసలైన తీర్పు దానితో రాదు. రెండింటిలో ముందున్నదాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఒక పూర్తి వారం మీ నిజమైన పనినే దానిమీద చేయండి. ఆ వారంలో థీమ్ గానీ, ఎక్స్‌టెన్షన్ గానీ చేర్చకండి. చిరాకు కలిగిన ప్రతిసారీ ఒక ముక్క రాసుకోండి. వారం చివర ఆ ముక్కలను చదివితే, అలవాటు మారడం వల్ల మొదటి రెండు రోజుల్లో వచ్చి తర్వాత మాయమైనవి ఏవో, చివరి రోజున కూడా పనిని ఆపుతున్నవి ఏవో విడివిడిగా కనిపిస్తాయి. రెండో రకం చిరాకు ఒకటి సెట్టింగ్స్‌లోనే తీరిపోతే ఆ డెస్క్‌టాప్ మీదే. మూడు నాలుగు ఉండి, ఒక్కొక్కదానికీ బయటి చేర్పు కావలసి వస్తే రెండోదాన్ని చూడండి.

ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్ మీద రెండో డెస్క్‌టాప్‌ను చేర్చి, లాగిన్ తెర మీద సెషన్‌ను మార్చుకుంటూ పోల్చడం కూడా సాధ్యమే. ఆ పని చేసేటప్పుడు పరీక్ష కోసం వేరే యూజర్ ఖాతా తెరవండి. ఒకే ఖాతాలో రెండూ వాడితే ఒకదాని ఫాంట్లు, ఐకాన్లు, కర్సర్ థీమ్‌లు మరొకదాని సెట్టింగ్స్‌లోకి చొరబడతాయి. గ్నోమ్ పాస్‌వర్డ్‌లను కీరింగ్‌లోనూ, ప్లాస్మా కేవాలెట్‌లోనూ దాస్తాయి. క్రోమియం జాతి బ్రౌజర్లు ఏ డెస్క్‌టాప్‌లో ఉంటే దాని పెట్టెనే అడుగుతాయి గనుక, సెషన్ మారగానే అన్ని సైట్ల నుంచీ లాగౌట్ అయిపోయినట్టు కనిపించవచ్చు. పాస్‌వర్డ్‌లు పోయాయని కంగారుపడి మళ్లీ అన్నీ ఎక్కించకండి. పాత సెషన్‌కు తిరిగి వెళ్తే అవి అక్కడే ఉంటాయి.

నిర్ణయం జరిగిపోయాక రెండో డెస్క్‌టాప్‌ను తీసివేయడం మంచిది, లేకపోతే మెనూలో రెండు టెర్మినళ్లు, రెండు ఫైల్ మేనేజర్లు, రెండు సెట్టింగ్స్ ఉండిపోయి ఏది దేనిదో తెలియకుండా పోతుంది. తీసివేసే ఆదేశం ఇచ్చినప్పుడు, ప్రోగ్రాములను ఎక్కించి తీసివేసే ప్యాకేజ్ మేనేజర్ చూపించే జాబితాను ఒప్పుకునే ముందు మొత్తం చదవండి. నెట్‌వర్క్ మేనేజర్, లాగిన్ తెరను నడిపే జీడీఎం గానీ ఎస్‌డీడీఎం గానీ లైట్‌డీఎం గానీ ఆ జాబితాలో ఉంటే అక్కడే ఆపివేసి, మీరు ఉంచుకున్న డెస్క్‌టాప్‌కు అవి అవసరమో కాదో తేల్చుకోండి. అన్నిటికన్నా శ్రమ లేని మార్గం హోమ్ ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఎంచుకున్న డెస్క్‌టాప్‌తోనే వచ్చే డిస్ట్రోను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడం. అప్పుడు పత్రాలు, ఫోటోలు, బ్రౌజర్ ప్రొఫైల్ మాత్రం వెనక్కి తెచ్చుకుని, పాత డెస్క్‌టాప్ సెట్టింగ్స్ ఉండే చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను వదిలివేయండి.